హనుమకొండలో పాత అపార్టుమెంటు: అడ్వాన్సు ఇచ్చే ముందు ఏం చూడాలి, ఎవరిని అడగాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కరీంనగర్ నుంచి హనుమకొండకు బదిలీ, మోకాళ్ల నొప్పులతో బాధపడే అమ్మ, ఆరో తరగతికి వచ్చిన పాప. హంటర్ రోడ్డు వైపు పాతికేళ్ల నాటి అపార్టుమెంటులో మూడో అంతస్తు, అద్దె పన్నెండు వేలు. ఓనరు హైదరాబాదులో ఉంటారు, తాళాలు వాచ్‌మన్ దగ్గర ఉన్నాయి. ఇల్లు నచ్చింది, ఆదివారంలోగా అడ్వాన్సు ఇవ్వమంటున్నారు. ఈలోపు ఆ భవనం గురించి ఎలా తెలుసుకోవాలని అడిగారు.

నేను 1999లో కట్టిన ఒక అపార్టుమెంటు సంఘానికి తొమ్మిదేళ్లు కార్యదర్శిగా పనిచేశాను. అంతకుముందు ఈ ఊళ్లోనే నాలుగు ఇళ్లలో అద్దెకున్నాను. రెండు వైపుల నుంచీ చూసిన అనుభవంతో చెబుతున్నాను.

పాత భవనం అనగానే వెనక్కి తగ్గకండి. అప్పట్లో కట్టిన ఫ్లాట్లలో గదులు విశాలంగా ఉంటాయి, వంటింటికి కిటికీ ఉంటుంది, గాలి ఆడుతుంది. అంతకన్నా పెద్ద సౌకర్యం ఇంకొకటి ఉంది. కొత్త భవనం వానకు కురుస్తుందో లేదో కట్టినవాళ్లకు కూడా తెలియదు. పాతికేళ్ల భవనం పాతిక వానాకాలాలూ పాతిక ఎండాకాలాలూ చూసేసింది. దాని లోపాలన్నీ ఏదో ఒక గోడ మీదో, ఏదో ఒక కాగితంలోనో, ఎవరో ఒకరి జ్ఞాపకంలోనో ఉన్నాయి. వాటిని వెతికి పట్టుకోవడానికి రెండు మూడు రోజులు చాలు. కాబట్టి ఆదివారం గడువు చూసి కంగారు పడకండి.

హంటర్ రోడ్డు అన్నారు కాబట్టి వరదతోనే మొదలుపెడతాను. మనది కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల ఊరు. పై చెరువు మత్తడి పోస్తే ఆ నీళ్లు కింది చెరువుకు చేరాలి. ఆ నీళ్లు పోవలసిన దారుల్లోనే ఇవాళ చాలా కాలనీలు ఉన్నాయి. 2020 ఆగస్టులో నయీంనగర్ నాలా పొంగి చుట్టుపక్కల ఇళ్లు మునిగాయి. 2023 జులై చివరి వారంలో బొందివాగు పొంగి హంటర్ రోడ్డు వైపు కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వానలకు నగరం మళ్లీ మునిగింది. నాలాల వెడల్పు పనులు జరిగాయి, నయీంనగర్ దగ్గర కొత్త వంతెన కట్టారు, నిజమే. అయినా మీరు చూస్తున్న వీధి రోడ్డు కన్నా ఎత్తులో ఉందా పల్లంలో ఉందా అన్నది ఏ పనులతోనూ మారదు.

'ఇక్కడ నీళ్లు వస్తాయా' అని అడిగితే ప్రతి ఒక్కరూ రావనే చెబుతారు. అలా అడగకండి. '2023 జులైలో బండ్లు ఎక్కడ పెట్టుకున్నారు?' అని అడగండి. నీళ్లు రాని భవనంలో వాళ్లకు ఆ ప్రశ్న అర్థం కాదు, ఇక్కడే పెట్టుకున్నాం కదా అంటారు. వచ్చిన భవనంలో అయితే ఎదుటి మనిషి ఒక్క క్షణం ఆగుతారు. ఆ తరవాత పక్క వీధి ఎత్తు మీద పెట్టామనో, బండి మునిగి ఇంజను చెడిపోయిందనో కథ మొత్తం చెప్పేస్తారు.

ఈ ప్రశ్న నాకు మా చెల్లెలి అనుభవం నేర్పింది. 2022లో వాళ్లు ఒక భవనంలో అద్దెకు దిగారు. సెల్లారుకు కొత్తగా సున్నం వేసి ఉంది, నేలకు టైల్సు వేసి ఉన్నాయి. నీళ్లు ఎప్పుడూ రాలేదని మధ్యవర్తి గట్టిగా చెప్పాడు. మరుసటి ఏడు జులైలో ఒక్క రాత్రిలో సెల్లారు నిండింది. నీళ్లు తోడాక కరెంటు పనివాడితో కలిసి నేనూ వెళ్లాను. మీటర్లు ఉన్న ఇనుప పెట్టె తలుపు తెరిచాడు. బయట కొత్త రంగు వేసి ఉంది కానీ లోపలి వైపు ఎవరూ వేయలేదు. ఆ తలుపు లోపల రెండు గీతలు ఉన్నాయి. ఒకటి తడిగా, నల్లగా, ఆ వారం పడినది. దానికి బెత్తెడు కింద ఇంకొకటి, ఎండిపోయి, వేలితో రాస్తే పొడిగా రాలే పసుపుపచ్చని మట్టి గీత. అది అంతకుముందు వచ్చిన వరదది. మా చెల్లెలు అద్దెకు దిగిన రోజున కూడా ఆ గీత అక్కడే ఉంది. తలుపు తెరిచి చూసినవాళ్లే లేరు.

మూడో అంతస్తు కదా, నీళ్లు మనదాకా ఎందుకు వస్తాయని అనుకోవద్దు. మీటర్లు సెల్లారులో ఉంటాయి. సంపు, మోటారు, లిఫ్టు గుంత, జనరేటరు అన్నీ అక్కడే ఉంటాయి. సెల్లారు మునిగితే పైన ఉన్నవాళ్లకు కరెంటు లేదు, నీళ్లు లేవు, లిఫ్టు లేదు. మా చెల్లెలి వాళ్లకు నాలుగు రోజులు అలాగే గడిచింది. మోకాళ్ల నొప్పులున్న అమ్మగారిని మెట్ల మీద నుంచి దించడం గురించి ఒక్కసారి ఆలోచించండి. మురుగు కలిసిన వరద నీళ్లు సంపులోకి దిగితే దాన్ని ఖాళీ చేసి, కడిగి, క్లోరిన్ వేసేదాకా ఆ నీళ్లు వాడకూడదు. అందుకే మీటర్ల పెట్టె తలుపు తెరిచి లోపల చూడండి. స్తంభాల అడుగున తెల్లని ఉప్పు పొర, గేటు కింది భాగంలో ఒకే ఎత్తులో తుప్పు, గోడకు నడుము ఎత్తు వరకు మాత్రమే కొత్త రంగు కనిపిస్తే నీళ్లు వచ్చి వెళ్లాయన్నమాట.

ఇక రోజువారీ నీళ్లు. నగరానికి తాగునీళ్లు ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల్లో నిలవ చేసి, శుద్ధి చేసి ఇస్తారు. ఆ నల్లా నీళ్లు భవనానికి చేరాక ఏమవుతాయన్నదే అసలు విషయం. కొన్ని భవనాల్లో నల్లా నీళ్లకు విడిగా ట్యాంకు ఉంటుంది, వంటింట్లో ఆ కుళాయి వేరుగా ఉంటుంది. కొన్నిచోట్ల నల్లా నీళ్లూ బోరు నీళ్లూ ఒకే సంపులో కలుస్తాయి. ఏది ఎలా ఉందో వాచ్‌మన్‌ను మోటారు దగ్గరకు తీసుకెళ్లి, గొట్టాలు చూపించమని అడగండి. మనది గ్రానైటు నేల. రాతి పగుళ్లలో నీరు దొరికితే బోరు పోస్తుంది, లేకపోతే లేదు. పక్క భవనంలో బోరు బాగుందని ఇక్కడా బాగుంటుందని లేదు.

నీటి ఉప్పు కొలిచే చిన్న టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దారి లేనప్పుడు 2000 వరకు అనుమతిస్తారు. అయితే ఫ్లోరైడు ఎంత ఉందో ఈ మీటరు చెప్పదు. దానికి ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. పాప ఉంది కాబట్టి, బోరు నీళ్లు తాగాల్సి వచ్చే ఇల్లయితే ఈ పరీక్షకు బద్ధకించకండి. మీటరు లేకపోయినా స్నానాలగది కుళాయి మూతి చూడండి. తెల్లగా గడ్డకట్టి ఉంటే గీజరూ వాషింగ్ మెషీనూ త్వరగా పాడవుతాయి. ఉదయం మొదటిసారి తిప్పినప్పుడు ఎర్రటి నీళ్లు వస్తే పాత ఇనుప గొట్టాలు లోపల తుప్పు పట్టాయని అర్థం.

ఎండాకాలం సంగతి చెప్పేది సంఘం జమాఖర్చుల పుస్తకం. ఏ కార్యదర్శినైనా మర్యాదగా అడిగితే చూపిస్తారు. 'ఇంట్లో పెద్దావిడ ఉన్నారండీ, నీళ్ల ఇబ్బంది ఉంటుందేమో తెలుసుకుందామని వచ్చాను' అనండి. నేనైతే అలా అడిగినవాళ్లను కూర్చోబెట్టి మరీ చూపించేవాణ్ని. కరువు ఏడాది 2016లో మా పుస్తకంలో మే నెల పేజీ నిండా 'ట్యాంకరు' అనే మాటే ఉంది. ఆ ఒక్క నెలలో పంతొమ్మిది ట్యాంకర్లు తెప్పించాం. మరుసటి ఏడు ఇంకుడు గుంత తవ్వించాక ఆ సంఖ్య బాగా తగ్గింది. అలాంటి పుస్తకంలో ఏప్రిల్, మే, జూన్ పేజీలు తిప్పండి. ట్యాంకర్లు ఎన్ని, వాటి ఖర్చు నెలవారీ మెయింటెనెన్సులో కలిసి ఉందా, విడిగా వసూలు చేశారా, బకాయి పడ్డ ఫ్లాట్లు ఎన్ని అన్నవి చూడండి. పాతిక ఫ్లాట్లలో పది ఫ్లాట్లు మెయింటెనెన్సు కట్టని భవనంలో లిఫ్టు ఆగితే బాగుచేయించే డబ్బు ఉండదు. పుస్తకమే లేదంటే, సంఘమే లేదంటే, ఆ భవనాన్ని పట్టించుకునే మనిషి లేడని అర్థం. నా దృష్టిలో గోడ మీది పగులు కన్నా అది పెద్ద లోపం.

లిఫ్టు మీకు విలాసం కాదు, అమ్మగారికి కాళ్లు. కనీసం ఐదారుసార్లు ఎక్కి దిగండి. ప్రతి అంతస్తులో లిఫ్టు నేల, బయటి నేల సమంగా ఆగుతున్నాయా చూడండి. అంగుళం ఎత్తు తేడా ఉన్నా మోకాళ్ల నొప్పులున్నవాళ్లు తట్టుకుని పడతారు. కరెంటు పోతే దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపు తెరిచే బ్యాటరీ ఏర్పాటు ఉందా, చివరిసారి సర్వీసు ఎప్పుడు చేశారు, ఏటా నిర్వహణ ఒప్పందం ఎవరితో ఉంది అని అడగండి. ఒప్పందం ఉంటే సర్వీసు కార్డు ఉంటుంది, దాని మీద తేదీలు ఉంటాయి. మాటలు నమ్మకండి, కార్డు చూడండి.

భవనం గట్టిదనం గురించి చాలామంది గోడల పగుళ్లు చూసి బెంగపడతారు. పూత మీద వెంట్రుకల్లా అల్లుకున్న సన్నని పగుళ్లతో ప్రమాదం లేదు. మీరు చూడవలసింది స్తంభాలనూ దూలాలనూ. సెల్లారులో నిలబడి పైకి చూడండి. దూలం పొడవునా, లోపలి ఊచల వెంట గీత గీసినట్టు పగులు ఉందంటే ఊచ తుప్పు పట్టింది. తుప్పు అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది. అది లోపలి నుంచి కాంక్రీటును నెట్టేస్తుంది, పెచ్చులు ఊడతాయి, ఊచ బయటపడుతుంది, అక్కడికి మళ్లీ తేమ చేరుతుంది. స్నానాల గదుల కింది భాగం, సజ్జలు, పైట్యాంకు కింది స్తంభాలు, ఈ మూడూ ముందుగా పాడవుతాయి. తాళం చెవితో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే పూత లోపల విడిపోయింది. ఒకటి రెండు చోట్ల ఉంటే మరమ్మతుతో పోతుంది. అన్ని స్తంభాలకూ ఉంటే నిర్మాణ ఇంజినీరు చూసి చెప్పేదాకా ఆ ఇంట్లో దిగవద్దు, అద్దె ఎంత తక్కువైనా సరే.

మీ ఫ్లాటులో స్నానాలగది గోడకు ఆనుకున్న పడకగది గోడను అరచేతితో తడిమి చూడండి. తేమ కంటికన్నా ముందు చేతికి తెలుస్తుంది. అల్మారా తలుపు తెరిచి వాసన చూడండి. తరవాత నాలుగో అంతస్తుకు వెళ్లి, మీ పైఫ్లాటు వాళ్లతో రెండు నిమిషాలు మాట్లాడండి. మీ పైకప్పు మీద కారే నీళ్లు వాళ్ల స్నానాలగదివి. వాళ్లు మరమ్మతుకు ఒప్పుకునే మనుషులా కాదా అన్నది మీ ఓనరు మంచితనం కన్నా ముఖ్యం.

మిద్దె మీదకు కూడా వెళ్లండి. పైట్యాంకుకు మూత ఉందా, దానికి తాళం గాని, మీద బరువు గాని ఉందా చూడండి. మన ఊళ్లో కోతుల బెడద మీకు ఇంకా తెలియకపోవచ్చు. మూతలు తీసి ట్యాంకుల్లో దిగుతాయి, ప్లాస్టిక్ గొట్టాలు విరగ్గొడతాయి, తలుపు తెరిచి ఉంటే వంటింట్లోకి వస్తాయి. బాల్కనీకి గ్రిల్లు లేని ఇల్లయితే అది వేయించే బాధ్యత ఎవరిదో ముందే తేల్చుకోండి.

కరెంటు విషయంలో నేను నమ్మే ఒక ఆనవాలు చెబుతాను. గత పన్నెండు నెలల కరెంటు బిల్లులు పంపమని ఓనరును అడగండి. యూనిట్లు చూడండి. ఏడాదిలో ఏడెనిమిది నెలలు సున్నా దగ్గర ఉంటే ఆ ఇల్లు అంతకాలం ఖాళీగా ఉందన్నమాట. మంచి చోట, మంచి అద్దెకు, ఇల్లు అన్ని నెలలు ఎందుకు ఖాళీగా ఉందో అడగాలి. జులైలోనే ఖాళీ అయిందంటే జవాబు అడగకుండానే తెలుస్తుంది. బిల్లు మీది యూనిక్ సర్వీసు నంబరుతో మన కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్ వెబ్‌సైట్‌లో బకాయి ఉందేమో చూసుకోండి. పాతవాళ్ల బకాయికి మీ కనెక్షన్ పీకుతారు. మీకు తెల్ల రేషన్ కార్డు ఉండి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు ఉచిత కరెంటుకు అర్హత ఉంటే, ఆ మీటరుకు ఇప్పటికే వేరేవాళ్ల కార్డు కలిపి ఉందేమో కూడా కనుక్కోండి. ఇంటి లోపల బోర్డులో పింగాణీ ఫ్యూజులు ఇంకా ఉంటే వాటిని మార్చి, లోడు ఎక్కువైతే వాటంతటవే ఆగిపోయే ఎంసీబీ స్విచ్చులూ, కరెంటు లీకైతే ఆపేసే ఆర్‌సీసీబీ పరికరమూ పెట్టించమని అడగండి. మీరు ఏసీ పెట్టుకునే ఆలోచనలో ఉంటే ఇది తప్పనిసరి.

ఇప్పుడు కాగితాలు. ఓనరు దూరంగా ఉన్నారు, తాళాలు వాచ్‌మన్ దగ్గర ఉన్నాయి. మోసాలు జరిగేది సరిగ్గా ఇలాంటి చోటే. ఇంటి పన్ను తాజా రసీదు, ఓనరు గుర్తింపు కార్డు ఫోనులో తెప్పించుకోండి. రెండింటిలో పేరు ఒకటే అయి ఉండాలి. పన్ను అసెస్‌మెంటు నంబరు ఉంటే బకాయిలు ఆన్‌లైన్‌లో చూడవచ్చు. బిల్లులో అనుమతి లేని నిర్మాణానికి పెనాల్టీ ఉందేమో గమనించండి. తరవాత రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలూ తాకట్లూ చూపే పత్రం, తీసి చూడండి. 1983 నుంచి జరిగిన లావాదేవీలు అందులో దొరుకుతాయి. దస్తావేజు నంబరు, సంవత్సరం ఓనరే ఇస్తే పని తేలిక. ఇవ్వడానికి వెనకాడితే ఎందుకో అడగండి. బ్యాంకు తాకట్టు ఉంటే చాలాసార్లు ఈసీలో కనిపిస్తుంది. తాకట్టు ఉండటం తప్పేమీ కాదు, ఎంతోమందికి ఇంటి అప్పు ఉంటుంది. కానీ వాయిదాలు ఆగిపోతే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు ఇంటిని స్వాధీనం చేసుకోగలదు. అప్పుడు మీ అద్దె కాగితం మిమ్మల్ని పెద్దగా కాపాడలేదు. తలుపు మీద, నోటీసు బోర్డు మీద బ్యాంకు కాగితం అంటించి చింపేసిన గుర్తులు ఉన్నాయేమో చూడటం వృథా కాదు.

కొత్త ఇళ్ల ప్రాజెక్టులను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ రెరాలో ఈ భవనం పేరు లేదని మీరు రాశారు. దాని గురించి దిగులు వద్దు. తెలంగాణలో 2017 జనవరి 1 నుంచి అనుమతి పొందిన ప్రాజెక్టులే రెరా కిందికి వస్తాయి. పాతికేళ్ల భవనం అందులో ఉండదు.

అడ్వాన్సును ఓనరు పేరున్న బ్యాంకు ఖాతాకే పంపండి. వాచ్‌మన్ చేతికి గాని, మధ్యవర్తి ఫోను నంబరుకు గాని ఒక్క రూపాయి కూడా వద్దు. వీడియో కాల్‌లో ఓనరుతో ఒకసారి మాట్లాడండి. మాట్లాడేటప్పుడు కార్యదర్శిని పక్కన ఉంచుకోగలిగితే ఇంకా మంచిది, ఆ మనిషి ఓనరో కాదో కార్యదర్శికి తెలుసు.

పదకొండు నెలల ఒప్పందం ఎందుకని కూడా అడిగారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మూల రూపంలో ఏడాది దాటే అద్దె ఒప్పందాన్నే రిజిస్టరు చేయించాలి. అందుకని అందరూ పదకొండు నెలలకు రాసుకుంటారు. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో చేసిన సవరణ తరవాత మన దగ్గర గడువుతో సంబంధం లేకుండా అద్దె ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలి. ఏదైనా సరే, అచ్చు నమూనా మీద సంతకం పెట్టేయకుండా మూడు మాటలు చేర్పించండి. పైకప్పు కారినా తేమ వచ్చినా చెప్పిన ఇన్ని రోజుల్లోగా ఓనరు బాగుచేయించాలి. లిఫ్టు మార్పు, బోరు, రంగులు లాంటి పెద్ద ఖర్చులకు సంఘం వేసే వాటా ఓనరుదే. ఇల్లు నివాసయోగ్యం కాకుండా పోతే నోటీసు గడువు లేకుండా ఖాళీ చేయవచ్చు, అడ్వాన్సు మొత్తం తిరిగి ఇవ్వాలి. దిగే రోజున ప్రతి గదినీ ఫొటోలు తీసి ఓనరుకు పంపి ఉంచండి.

మనుషుల గురించి చెప్పకుండా ముగించలేను. వాచ్‌మన్ మంచివాడే కావచ్చు, కానీ అతని జీతం ఓనర్ల చేతిలో ఉంది. నిజం వేరేచోట వెతకండి. వీధి మొదట్లో ఇస్త్రీ బండి ఉంటుంది. ఏ ఫ్లాటులో ఎవరు ఎన్నాళ్లు ఉన్నారో ఆయనకు తెలుసు, ఎందుకు వెళ్లారో కూడా తెలుసు. రెండు చొక్కాలు ఇచ్చి, అవి అయ్యేదాకా నిలబడి మాట్లాడండి. ఎదురు కిరాణా దుకాణం వాళ్లు వరద రోజున ఎవరికి పాలు అందించారో చెబుతారు. అన్నిటికన్నా, ఖాళీ చేసి వెళ్లిన కుటుంబం ఫోను నంబరు సంపాదించండి. 'మీ అడ్వాన్సు ఎన్నాళ్లకు తిరిగి వచ్చింది?' అన్న ఒక్క ప్రశ్న చాలు. ఓనరు ఎలాంటివారో ఆ జవాబులోనే తెలుస్తుంది.

ఇవాళ బుధవారం. రేపు ఉదయం ఆరింటికి వెళ్లండి, నీళ్లు పట్టుకునే వేళ అది. మోటారు, సంపు, కుళాయిలు చూడండి, కిందికి వచ్చినవాళ్లతో మాట్లాడండి. శుక్రవారం రాత్రి తొమ్మిది తరవాత మళ్లీ వెళ్లండి. అందరి బండ్లూ చేరాక మీ బండికి చోటు మిగులుతుందా, మెట్ల దగ్గర దీపాలు వెలుగుతున్నాయా, వీధిలో కుక్కల గుంపు ఉందా అన్నది అప్పుడే తెలుస్తుంది. శనివారం అమ్మగారిని తీసుకెళ్లండి. గేటు నుంచి లిఫ్టు దాకా ఎన్ని మెట్లు ఉన్నాయో ఆవిడ ఎక్కి చెప్పాలి. చాలా పాత భవనాల్లో లిఫ్టు చేరడానికే అర డజను మెట్లు ఎక్కాలి. ఈ మూడు రోజుల్లో ఒక్క గట్టి వాన పడితే, గొడుగు వేసుకుని వెంటనే బయలుదేరండి.

మీటర్ల పెట్టె తలుపు లోపలి వైపు ఫొటో ఒకటి, సెల్లారు దూలాల ఫొటోలు రెండు మూడు తీసి పంపండి. శనివారం రాత్రికల్లా చూసి, నాకు తోచింది చెబుతాను.